వెనక లైటు వెలుగుతోందా? ఒకసారి బ్రేక్ కూడా నొక్కి చూడండి

ఢిల్లీకి బదిలీ మీద వచ్చిన తెలుగు కుటుంబానికి మొదటి చలికాలం రెండు పాఠాలు చెబుతుంది. రజాయి లేకుండా రాత్రి గడవదని ఒకటి. పొగమంచులో కారు నడపడం వేరే విద్య అని రెండోది. విజయవాడలోనో వరంగల్‌లోనో పదేళ్లు కారు నడిపిన అనుభవం డిసెంబరు తెల్లవారుజామున నోయిడా రోడ్డు మీద పెద్దగా అక్కరకు రాదు.

వాతావరణ శాఖ లెక్క ప్రకారం 200 మీటర్ల అవతలి వస్తువు కనపడకపోతే అది దట్టమైన పొగమంచు. 50 మీటర్ల అవతల కూడా కనపడకపోతే అతి దట్టమైనది. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు సెకనుకు దాదాపు 17 మీటర్లు పోతుంది. అంటే ఆ 50 మీటర్లు దాటడానికి మూడు సెకన్లు చాలు. మన వెనక వచ్చే డ్రైవరుకు మన కారు కనిపించదు, మన ఎర్ర లైట్లు మాత్రమే కనిపిస్తాయి. ఆ మూడు సెకన్లలో అతను తీసుకునే నిర్ణయం ఆ రెండు లైట్ల మీదే ఆధారపడి ఉంటుంది.

ఈ సంగతి నాకు ఒక లారీ డ్రైవరు చెప్పాడు. ఆగ్రా చూసి యమునా ఎక్స్‌ప్రెస్‌వే మీద కుటుంబంతో తిరిగి వస్తున్నాం. 165 కిలోమీటర్ల రోడ్డు, జనవరి సాయంత్రం, మంచు అప్పుడప్పుడే దిగుతోంది. బయలుదేరే ముందు కారు చుట్టూ తిరిగి లైట్లు చూశాను. వెనక రెండూ వెలుగుతున్నాయి. టోల్ ప్లాజా దగ్గర వరుసలో ఆగినప్పుడు వెనక లారీ డ్రైవరు దిగి వచ్చి అద్దం తట్టాడు. "భాయీసాబ్, బ్రేక్ లగాతే హీ బాయీ బత్తీ బుఝ్ జాతీ హై" అన్నాడు. బ్రేక్ వేస్తే వెలగాల్సిన ఎడమ లైటు, నేను బ్రేక్ వేసినప్పుడల్లా ఆరిపోతోందట.

"ఒక్క లైటే కనపడితే మోటార్‌సైకిల్ అనుకుంటాం సాబ్, పక్కనుంచి దాటేద్దాం అనుకుంటాం" అని కూడా చెప్పాడు. వెనక సీట్లో ఎడమవైపు మా అమ్మాయి కూర్చుని ఉంది. ఆ మాట విన్నాక మిగతా దారంతా ఎలా నడిపానో నాకే తెలుసు.

తర్వాత వారం ఒక మెకానిక్ బల్బు మార్చాడు, తగ్గలేదు. మళ్లీ మార్చాడు, తగ్గలేదు. "పాత బండి, వైరింగ్ మొత్తం మార్చాలి" అన్నాడు. మొత్తం వైరింగ్ ఖర్చు వినగానే మనలో చాలామందికి వచ్చే ఆలోచనే నాకూ వచ్చింది. ఢిల్లీలో 10 ఏళ్లు దాటిన డీజిల్, 15 ఏళ్లు దాటిన పెట్రోలు బండ్లు తిరగకూడదని 2015లో నేషనల్ గ్రీన్ ట్రిబ్యునల్ చెప్పింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. ఆ తర్వాత కూడా కోర్టుల్లో ఆ విషయం నలుగుతూనే ఉంది. అందుకే పదమూడో ఏడు నడుస్తున్న కారుకు ఎవరూ డబ్బు పెట్టరు. "ఇంకో రెండేళ్లే కదా" అని సరిపెట్టుకుంటారు. కానీ పొగమంచుకు బండి వయసుతో పని లేదు.

చివరికి ఆ తప్పు ఒక ఆదివారం ఉదయం మా ఇంటి కింద పార్కింగ్‌లోనే దొరికింది. పట్టుకోవడానికి కావలసింది పదో తరగతి సైన్సు, ఒక చిన్న మీటరు, కాస్త ఓపిక. ఆ క్రమం మన బ్యాంకు కుటుంబాల్లో పాత కారు ఉన్నవారందరికీ పనికొస్తుందని ఇక్కడ రాస్తున్నాను.

ముందు కాస్త లెక్క

మన భాషలో చెప్పాలంటే కరెంటు కూడా డబుల్ ఎంట్రీ పద్ధతే. బ్యాటరీ నుంచి ఎంత బయలుదేరిందో అంతా తిరిగి బ్యాటరీకి చేరాలి. వెళ్లే దారి బ్యాటరీ పాజిటివ్ నుంచి ఫ్యూజు, స్విచ్, వైరు మీదుగా బల్బు దాకా. తిరిగివచ్చే దారికి చాలా కార్లలో బల్బు దగ్గర ఒక చిన్న నల్ల వైరు ఉంటుంది. దాన్ని కారు రేకుకు బోల్టు వేసి బిగిస్తారు. అక్కడి నుంచి కారు శరీరమే వైరుగా పనిచేసి బ్యాటరీ నెగటివ్‌కు చేరుస్తుంది. మెకానిక్‌లు దీన్నే బాడీ ఎర్త్ అంటారు.

వెనక లైటులో సాధారణంగా ఒకే బల్బులో రెండు తీగలు ఉంటాయి. 5 వాట్ల సన్న తీగ రాత్రి వెలిగే లైటుకు, 21 వాట్ల లావు తీగ బ్రేక్ లైటుకు. 12 వోల్టుల మీద మొదటిది సుమారు 0.4 ఆంపియర్లు, రెండోది 1.75 ఆంపియర్లు తీసుకుంటాయి. రెండింటికీ వెళ్లే దారులు వేరు, తిరిగివచ్చే దారి ఒక్కటే. ఈ ఒక్క సంగతి గుర్తుంటే వింత రోగాల్లో సగం అర్థమవుతాయి.

ఇద్దరు మనుషులు, ఒక గోడ

బ్రేక్ నొక్కుతూ వెనక్కి వెళ్లి చూడడం ఒక్కరి వల్ల కాదు. అందుకే చాలామంది బ్రేక్ లైటు అసలు చూడరు. ఇంట్లో ఒకరిని వెనక నిలబెట్టండి. ఎవరూ లేకపోతే చీకటి పడ్డాక కారు వెనక భాగం గోడవైపు పెట్టి, గోడ మీద పడే వెలుగును అద్దంలో చూసుకోండి. హ్యాండ్‌బ్రేక్ వేసి, గేరు న్యూట్రల్‌లో ఉంచి ఒక్కొక్కటే ఈ వరుసలో చూడాలి.

మొదట లైట్లు ఆపి బ్రేక్ మాత్రం నొక్కాలి. తర్వాత లైట్లు వేసి బ్రేక్ వదిలేయాలి. ఆపైన లైట్లు, బ్రేక్ రెండూ కలిపి. చివరగా వాటితోపాటు ఎడమ ఇండికేటరు, కుడి ఇండికేటరు. ఏది వెలిగింది, ఏది మసకగా ఉంది, ఏది ఆరింది అన్నది కాగితం మీద రాసుకోండి. మా ఇంట్లో ఆ రిజిస్టరు మా ఆవిడ రాసింది. "ఏమండీ, బ్రేక్ నొక్కితే కుడివైపు రెండింతలు వెలుగుతోంది, ఎడమవైపు చీకటి" అని వెనకనుంచి కేక వేసింది. మా కారు జబ్బు సగం ఆ వాక్యంలోనే బయటపడింది.

అన్నిటికంటే ముందు బల్బు

ఒక్క లైటే వెలగకపోతే బల్బుతో మొదలుపెట్టాలి. లైట్లు ఆపి, బల్బు చల్లారాక హోల్డరు తిప్పి తీయండి. తీగ తెగినా, గాజు లోపల నల్లగా మసిబారినా మార్చేయాలి. ఒక్కోసారి తెగిన తీగ పక్క తీగ మీద పడి అతుక్కుంటుంది. అప్పుడు బ్రేక్ నొక్కితే డ్యాష్‌బోర్డు లైట్లు కూడా వెలుగుతాయి.

రెండు తీగల బల్బుకు అడుగున రెండు సీసపు చుక్కలు, పక్కన రెండు చిన్న పిన్నులు ఉంటాయి. ఆ పిన్నులు ఒకే ఎత్తులో ఉండవు, అందుకే బల్బు ఒక విధంగానే హోల్డరులో కూర్చుంటుంది. బలవంతంగా తిప్పి పెట్టినా, ఒకే చుక్క ఉన్న బల్బును అందులో పెట్టినా రెండు దారులూ కలిసిపోతాయి. కొత్త బల్బు పెట్టాకే గందరగోళం మొదలైతే ముందు ఇదే చూడండి.

హోల్డరు లోపల ఆకుపచ్చ చిలుము గానీ తెల్లటి పొడి గానీ ఉంటే సన్నటి గరుకు కాగితంతో గీకాలి. ఆ కాస్త చిలుముతో ఏం పోతుంది అనిపిస్తుంది. లెక్క చూద్దాం. వెలుగుతున్న 21 వాట్ల తీగ నిరోధం దాదాపు 7 ఓమ్‌లు. చిలుము వల్ల ఇంకో ఓమ్ చేరితే బల్బుకు 12 వోల్టుల బదులు పదిన్నరే అందుతుంది. వోల్టేజి కొంచెం తగ్గినా బల్బు వెలుతురు బాగా పడిపోతుంది. ఈ ఒక్క ఓమ్‌కే మూడోవంతు దాకా తగ్గవచ్చు. పగలు మనకు తేడా తెలియదు, మంచులో వెనకవాడికి తెలుస్తుంది.

రెండు వైపులా ఒకేసారి ఆరితే

రెండు బల్బులు ఒకేరోజు మాడిపోవడం అరుదు. రెండూ ఆరితే ఇద్దరికీ ఉమ్మడిగా ఉన్నదాన్ని చూడాలి. రాత్రి లైట్లు రెండూ పోతే ఫ్యూజు చూడండి. ఫ్యూజు పెట్టె మూత మీదో కారుతో ఇచ్చిన పుస్తకంలోనో ఏది దేనికో రాసి ఉంటుంది. మాడిన ఫ్యూజు స్థానంలో అదే ఆంపియర్ల ఫ్యూజు పెట్టాలి. 10 ఉన్నచోట 20 పెట్టడం, సిగరెట్ పెట్టె వెండి కాగితం చుట్టడం ఎప్పుడూ చేయకూడదు. అప్పుడు ఫ్యూజు బదులు వైరు మాడుతుంది, అదీ సీటు కిందో డిక్కీలోనో. కొత్త ఫ్యూజు వెంటనే మళ్లీ మాడితే ఎక్కడో వైరు ఒలిచిపోయి రేకుకు తగులుతోందని అర్థం. మూడో ఫ్యూజు పెట్టకుండా ఎలక్ట్రీషియన్‌ను పిలవండి.

రాత్రి లైట్లు బాగుండి బ్రేక్ లైట్లు మాత్రం అన్నీ పోతే, ఫ్యూజు కూడా బాగుంటే, బ్రేక్ పెడల్ పైన ఉండే చిన్న స్విచ్‌ను అనుమానించాలి. టార్చి వేసి కాళ్ల దగ్గరకు వంగితే కనపడుతుంది. ఈ స్విచ్ ఇంకో రకంగానూ చెడుతుంది. పెడల్ వదిలినా లోపల కలిసే ఉండిపోతుంది. అప్పుడు కారు ఆపి తాళం వేసినా బ్రేక్ లైట్లు వెలుగుతూనే ఉంటాయి. రెండు బ్రేక్ లైట్లు, అద్దం దగ్గరి మూడో లైటు కలిపి సుమారు 4 ఆంపియర్లు. చిన్న కారులోని 35 ఆంపియర్ అవర్ బ్యాటరీ కాగితం మీద తొమ్మిది గంటల్లో ఖాళీ. చలిలో అంతసేపు కూడా ఆగదు. "బ్యాటరీ పోయింది" అని కొత్తది కొనేముందు ఒక రాత్రి తాళం వేశాక వెనక్కి వెళ్లి చూడండి.

డిక్కీ తలుపు దగ్గర

హ్యాచ్‌బ్యాక్ కార్లలో నంబరు ప్లేటు లైటుకూ, అద్దం దగ్గరి బ్రేక్ లైటుకూ వైర్లు డిక్కీ తలుపు కీలు దగ్గర ఒక రబ్బరు గొట్టంలోంచి వెళతాయి. తలుపు తెరిచి మూసిన ప్రతిసారీ అవి వంగుతాయి. పదేళ్లకు లోపల రాగి తెగుతుంది, పైన తొడుగు మాత్రం బాగానే కనపడుతుంది. తలుపు మెల్లగా పైకీ కిందికీ కదిలిస్తుంటే లైటు వెలిగి ఆరుతూ ఉంటే తప్పు అక్కడే.

నంబరు ప్లేటు లైటును చిన్నచూపు చూడవద్దు. వెనక నంబరు 15 మీటర్ల దూరం నుంచి చదవగలిగేలా తెల్లటి వెలుగు ఉండాలని 1989 నాటి కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు చెబుతున్నాయి.

ఇండికేటరు ఒకవైపు మామూలు కంటే వేగంగా కొట్టుకుంటుంటే ఆ వైపు ఒక బల్బు పోయిందని గుర్తు. నిమిషానికి 60 నుంచి 120 సార్ల మధ్య వెలగాలి. తక్కువ వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పెట్టించినా ఇలాగే కొట్టుకోవచ్చు.

ఇక మా కారు కథ

మా కారులో బల్బు కొత్తది, ఫ్యూజు బాగుంది, స్విచ్ బాగుంది. కుడివైపు అంతా సక్రమం. ఎడమవైపు రాత్రి లైటు వెలుగుతుంది, బ్రేక్ నొక్కితే రెండూ ఆరిపోతాయి. వెళ్లే దారులు రెండూ బాగున్నాయి కాబట్టి మిగిలింది తిరిగివచ్చే దారే.

ఎడమ ఎర్త్ తెగిపోయింది అనుకుందాం. లైట్లు వేస్తే కరెంటు ఎడమ సన్న తీగలోకి వస్తుంది. తిరిగి వెళ్లే దారి లేదు. అప్పుడది అదే బల్బులోని బ్రేక్ తీగలోకి వెనకనుంచి దూరి, బ్రేక్ వైరు మీదుగా కుడివైపు బ్రేక్ తీగకు పోయి, అక్కడి ఎర్త్ ద్వారా ఇల్లు చేరుతుంది. లావు తీగలు అడ్డు పెద్దగా చెప్పవు కాబట్టి ఎడమ లైటు ఇంచుమించు మామూలుగానే వెలుగుతుంది. ఆగ్రాలో నేను చుట్టూ తిరిగి చూసి మోసపోయింది అందుకే.

ఇప్పుడు బ్రేక్ నొక్కితే ఏమవుతుంది? ఆ బ్రేక్ వైరులోకి కూడా 12 వోల్టులు వస్తాయి. ఎడమ బల్బుకు రెండు వైపులా 12 వోల్టులే. ఎత్తుపల్లాలు లేనిచోట నీరు పారనట్టే, తేడా లేనిచోట కరెంటు పారదు. రెండు తీగలూ ఆరిపోతాయి. మా అమ్మాయి అప్పుడు సి.బి.ఎస్.ఇ. పదో తరగతి. విద్యుత్తు పాఠం అప్పుడే అయింది. కాగితం మీద గీత గీసి "నాన్నా, రెండువైపులా ఒకే పొటెన్షియల్ కదా, కరెంటు ఎలా వస్తుంది?" అని తనే చెప్పింది.

ఎర్త్ పోతే కనపడే వేషాలు ఇంకా ఉన్నాయి. లైట్లు ఆపి బ్రేక్ నొక్కితే అవతలివైపు రాత్రి లైటో డ్యాష్‌బోర్డు లైట్లో మసకగా వెలగడం. ఇండికేటరు వేస్తే దానితోపాటు వెనక లైటు కూడా కొట్టుకోవడం. ఒకటి నొక్కితే ఇంకొకటి స్పందిస్తోందంటే బల్బులో తప్పు లేనప్పుడు ముందు ఎర్త్ మీదే అనుమానం పెట్టుకోండి.

నిర్ధారించుకోవడం తేలిక. మల్టీమీటర్‌ను 20 వోల్టుల డీసీ మీద పెట్టి, ఒక కొన హోల్డరు నల్ల వైరుకు, రెండో కొన బ్యాటరీ నెగటివ్‌కు తాకించాలి. వైరు చాలకపోతే అదనపు వైరు ముక్క కలపండి. లైటు, బ్రేక్ వేసి ఉంచాలి. ఎర్త్ బాగుంటే 0.2 వోల్టుల లోపే చూపాలి. మా కారులో 11 దాటింది. మీటరు లేకపోతే ఒక వైరు ముక్కతో ఆ నల్ల వైరు కొనను రంగు లేని కారు రేకుకు తాకించి చూడండి. లైటు సరైపోతే జబ్బు అదే. తాకించేది నల్ల ఎర్త్ వైరునే అని ముందు ఖాయం చేసుకోవాలి. వేరే వైరును రేకుకు తాకిస్తే ఫ్యూజు మాడుతుంది.

నల్ల వైరు వెంట పోతే డిక్కీ కార్పెట్ కింద, ఎడమ మూల, ఒక బోల్టు కనపడింది. బోల్టు చుట్టూ గోధుమరంగు తుప్పు. లైటు చుట్టూ ఉండే రబ్బరు గట్టిపడి, వానాకాలంలో నీళ్లు లోపలికి దిగి సరిగ్గా ఆ బోల్టు మీద పడుతున్నాయి. బ్యాటరీ నెగటివ్ తీసేసి, బోల్టు విప్పి, రేకు మెరిసేదాకా గరుకు కాగితంతో రుద్ది, వైరు కొన శుభ్రం చేసి, గట్టిగా బిగించి పైన వాజెలీన్ రాశాను. రబ్బరు మార్చాను. మళ్లీ మీటరు పెడితే 0.1 కూడా లేదు. రబ్బరు మార్చకుండా బోల్టు మాత్రమే శుభ్రం చేసి ఉంటే, వచ్చే వానాకాలానికి మళ్లీ మొదటికే వచ్చేది.

సరుకు ఎక్కడ, జాగ్రత్తలు ఏమిటి

బల్బులు, హోల్డర్లు, రబ్బర్లు కశ్మీరీ గేట్ ఆటో విడిభాగాల బజారులో పాత కార్లకు కూడా దొరుకుతాయి. పాత భాగం చేతిలో పట్టుకుని వెళితే పొరపాటు ఉండదు. మల్టీమీటర్ ఎర్రకోట ఎదురుగా లజపత్ రాయ్ మార్కెట్లో దొరుకుతుంది. ఇంటి ఇన్వర్టరుకూ పిల్లల ప్రాజెక్టుకూ కూడా పనికొస్తుంది.

కెమెరా, స్పీకర్లు బిగించేవాళ్లు వెనక లైటు వైరు ఒలిచి కలిపి టేపు చుట్టి వదిలేస్తుంటారు. ఆ టేపు ఊడినచోటు కూడా చూడండి. చలికాలంలో వెచ్చదనం కోసం బానెట్ కింద చేరే ఎలుకలు వైర్లు కొరుకుతాయి. నాలుగు రోజులు కదలని కారుకు ఈ బెడద ఎక్కువ.

వైర్లు కరిగిన వాసన వస్తే బ్యాటరీ తీసేసి ఆగిపోండి. పసుపు తొడుగు ఉన్న వైర్లు ఎయిర్‌బ్యాగ్‌వి, వాటి జోలికి పోవద్దు. ఎలక్ట్రీషియన్ దగ్గరకు వెళ్లినా మీరు రాసుకున్న కాగితం చూపించండి. "లైటు వెలగట్లేదు" అంటే బల్బు మారుస్తాడు. "బ్రేక్ నొక్కితే ఎడమవైపు రెండూ ఆరిపోతున్నాయి" అంటే ఎర్త్ దగ్గరకు వెళతాడు.

పొగమంచులో ఇంకో మాట. నడుస్తున్న కారుకు నాలుగు ఇండికేటర్లూ వేసి పోవడం ఇక్కడ అలవాటు. అలా వేస్తే మనం ఎటు తిరుగుతామో వెనకవాడికి తెలియదు. ఆగిపోయినప్పుడే అవి వేయాలి. కారులో వెనక ఫాగ్ ల్యాంపు ఉంటే మంచులో దాన్ని వాడండి, మంచు విడగానే ఆపేయండి.

రోజు చివర క్యాష్ టాలీ కాకుండా మనం బ్రాంచి తాళం వేయం. మా ఇంట్లో ఇప్పుడు నెలకో ఆదివారం కారుకు కూడా ఆ పని జరుగుతోంది. నేను పెడల్ దగ్గర, మా ఆవిడ వెనక, అమ్మాయి కాగితంతో. మొత్తం ఐదు నిమిషాలు. ఆ తర్వాతే టిఫిన్.